బండెక్కే హక్కు, బతికి దిగే హక్కు

మొన్నటి దసరాకు ముందు మా ఇంట్లో కారు కొనాలన్న చర్చ మొదలైంది. కూతురికి ఏడేళ్లు, కొడుక్కి రెండున్నరేళ్లు. అంతవరకు మా నలుగురికీ ఒకే మోటారుసైకిలు ఆధారం. ముందు ట్యాంకు మీద కూతురు, నడుమ కొడుకు, వెనుక నా సహచరి. కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు పక్కనుంచి దాటిపోయేటప్పుడు ఆ గాలికే బండి వణికేది. పిల్లలు ఎదుగుతున్నారు, సీటు ఎదగడం లేదు. అప్పు తీసుకునైనా కారు కొనక తప్పదనిపించింది.

విషయం తెలియగానే సలహాలు మొదలయ్యాయి. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన బావ ఎత్తయిన పెద్ద బండి తీసుకోమన్నాడు. విశ్వవిద్యాలయంలో నాతో పనిచేసే ఒక ఆచార్యుడు, "మీకు చిన్నది సరిపోతుంది కదా సార్" అన్నాడు. ఆ 'మీకు' అన్న మాటలో ఎంత లెక్క ఉందో విన్నవారికే తెలుస్తుంది. సిరిసిల్లలో ఉండే అక్క కొడుకు, "మామా, వెనుక అద్దం మీద మన స్టిక్కరు వెయ్యాలె" అని ముందే మాట తీసుకున్నాడు. అందరి మాటా అయ్యాక బాపు ఒక్కటే అన్నాడు: "ఏ బండైనా కొను. కొన్నంక మాత్రం ఒకసారి గడి ముందటికెళ్లి తోలుకపో."

ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ, పిల్లలు ఆ బండిలో ఎక్కడ కూర్చుంటారని ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే మొదటి వారం రోజులు నేనూ అడగలేదు. ఎందుకు అడగలేకపోయామన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

బాపు మాటను ముసలితనపు మొండితనంగా కొట్టిపారేయలేను. జగిత్యాల పక్కన మా ఊళ్లో మాదిగవాడ నుంచి బజారుకు పోవాలంటే దొర గడి దాటాలి. బాపు యువకుడిగా ఉన్నప్పుడు గడి కనుచూపు మేరలో ఉండగానే సైకిలు దిగి, చెప్పులు చేతబట్టి, బండిని నడిపించుకుంటూ పోయేవాడు. గడి దాటాక మళ్లీ ఎక్కేవాడు. సొంత డబ్బుతో కొన్న సైకిలు, ప్రభుత్వం వేసిన బాట, అయినా ఎక్కే చోటూ దిగే చోటూ నిర్ణయించేది దొర. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్రను చరిత్రకారులు భూమి, వెట్టి, కూలి ప్రశ్నల నుంచి చూస్తారు. అది సబబే. బాపు జ్ఞాపకంలో మాత్రం ఆ తరువాతి రోజుల గుర్తు మరొకటి: గడి ముందు సైకిలు దిగకుండా పోయిన మొదటి ఉదయం. కొద్ది వారాలకే, అక్టోబరులో, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దళితుడు సైకిలు దిగకపోవడం ఎవరికి కల్లోలమో వేరే చెప్పనక్కరలేదు.

తెలంగాణలో ప్రయాణానికీ కులానికీ ఉన్న ముడి ఇంకా పాతది. నిజాం కాలపు వెట్టిని వివరిస్తూ పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుటల్లో దొరల సవారి ప్రస్తావన ఉంది. దేశముఖుల కుటుంబాలను మేనాల్లో మోయవలసింది బెస్తలు. సవారి బండి కదిలితే దానికి ముందూ వెనుకా పరుగెత్తవలసింది దళితులు. అంటే బండి ఒక్కటే అయినా దానితో మూడు రకాల మనుషులకు మూడు రకాల సంబంధం: కూర్చునేవారు, మోసేవారు, పరుగెత్తేవారు. మన తాతలకు బండి తెలియక కాదు. దాని పక్కన పరుగెత్తడం మాత్రమే వారికి తెలుసు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ తన జీవితంలోని అంటరానితనపు అనుభవాలను 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. అందులో రెండు అనుభవాలు బండికి సంబంధించినవే. మొదటిది 1901 నాటిది. ఆయనకు అప్పటికి పదేళ్లు. అన్న, చనిపోయిన అక్క కొడుకులతో కలిసి సతారా నుంచి తండ్రి దగ్గరకు బయలుదేరి మసూరు రైల్వే స్టేషనులో దిగారు. శుభ్రమైన బట్టలు వేసుకున్న ఆ పిల్లలు మహర్లని తెలియగానే స్టేషను మాస్టరు ముఖం మారిపోయింది. ఎంత కిరాయి ఇస్తామన్నా బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరకు రెట్టింపు కిరాయి మీద ఒకడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలని, తాను పక్కన నడుస్తానని. రాత్రంతా దాహంతో సాగిన ప్రయాణమది.

రెండవ అనుభవం 1929 నాటిది. అప్పటికి ఆయన విదేశాల్లో చదివి వచ్చిన బారిష్టరు, బొంబాయి ప్రభుత్వం వేసిన విచారణ సంఘంలో సభ్యుడు. చాలీస్‌గావ్ స్టేషనులో దిగితే టాంగావాలాలు ఆయనను ఎక్కించుకోవడానికి నిరాకరించారు. అతిథిని వాడ దాకా నడిపిస్తే ఆయనకు చిన్నతనమని భావించిన మహర్లు ఎలాగో ఒక టాంగాను కిరాయికి సంపాదించారు. తోలడానికి మాత్రం దాని యజమాని ఒప్పుకోలేదు. ఎన్నడూ టాంగా తోలని తమ మనిషినే కూర్చోబెట్టారు. కల్వర్టు దగ్గర చక్రం ఇరుక్కుని బండి కుదిపేయడంతో అంబేడ్కర్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. తన గౌరవాన్ని కాపాడబోయి తన వాళ్లు తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టారని ఆయన తరువాత గ్రహించారు.

కారు కొనే ప్రతి దళిత, బహుజన కుటుంబం ఈ రెండు సంఘటనలనూ కలిపి చదవాలని నా అభిప్రాయం. మొదటి దానిలో పిల్లలకు బండి దొరకలేదు. రెండవ దానిలో బండి దొరికింది, గౌరవమూ దక్కింది, భద్రత దక్కలేదు. మనం మొదటి సంఘటనను గుర్తుంచుకున్నంతగా రెండవదాన్ని గుర్తుంచుకోలేదు.

మొదటి అవమానానికి చట్టం జవాబు చెప్పడానికి చాలా కాలం పట్టింది. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చినా, దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చాక గాని ఈ అవమానానికి చట్టంలో పేరు పెట్టలేదు. బహిరంగ స్థలాల్లో సైకిలు, మోటారుసైకిలు ఎక్కకుండా, చెప్పులు, కొత్తబట్టలు వేసుకోకుండా, పెళ్లి ఊరేగింపులో గుర్రమో మరో వాహనమో ఎక్కకుండా అడ్డుకోవడం నేరమని సెక్షన్ 3 స్పష్టంగా పేర్కొన్నది. ఒక దేశం తన శిక్షాస్మృతిలో 'సైకిలు' అన్న మాట రాసుకోవలసి వచ్చిందంటే, ఆ దేశపు వీధుల్లో ఏం జరుగుతోందో ఊహించవచ్చు. ఆ చట్టం అమలులోకి వచ్చిన రెండేళ్లకు, 2018 మార్చిలో, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో గుర్రం కొనుక్కుని స్వారీ చేసిన దళిత యువకుడు హత్యకు గురయ్యాడు.

ఇంత చరిత్ర వెనుక ఉన్నప్పుడు మనవాళ్లు పెద్ద బండి కోరుకోవడాన్ని ఆడంబరమని ఎగతాళి చేయడం అన్యాయం. 2021లో హుజూరాబాద్‌లో దళితబంధు మొదలైనప్పుడు అనేక కుటుంబాలు తమకొచ్చిన పది లక్షలతో రవాణా వాహనాలను ఎంచుకున్నాయి. "వీళ్లకు కార్లెందుకు?" అని ముఖం చిట్లించిన వారిని నేను స్టాఫు రూముల్లో చూశాను. ఆ ప్రశ్న వేసినవారి ఇళ్ల ముందు ఎన్ని కార్లున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రభుత్వాల చూపు కూడా ఇలాంటిదే. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో ఇంట్లో మోటారు వాహనం ఉంటే, అది పాత మోటారుసైకిలైనా సరే, ఆ గ్రామీణ కుటుంబాన్ని లేమి లెక్క నుంచి నేరుగా తప్పించారు. ప్రధానమంత్రి గ్రామీణ గృహ పథకంలో ద్విచక్ర వాహనం అడ్డంకిని తీసేసింది 2024లోనే. పేదవాడి బండిని అవసరంగా గాక విలాసంగా చూసే అలవాటు పాలనలోనూ ఉంది.

అయితే ఎదుటివారి చూపు తప్పని చెప్పినంత మాత్రాన మన చూపు సరైనదైపోదు. 2008 జనవరిలో టాటా సంస్థ నానో కారును ప్రదర్శించింది. వానలో స్కూటరు మీద పోతున్న తల్లిదండ్రులను, వారి మధ్య నలిగిపోతున్న పిల్లలను చూసి ఆ ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పారు. అచ్చం మా ఇంటి బొమ్మే అది. దాదాపు పదేళ్లకే దాని తయారీ ఆగిపోయింది. కారణాలు అనేకం గానీ, 'అన్నిటికన్నా చవక కారు' అన్న ముద్ర దెబ్బతీసిందని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. కులసమాజంలో వస్తువుకు కూడా కులం అంటుకుంటుంది. కింద ఉన్నవాడు పైకి పోవడానికే బండి కొంటాడు, కిందివాడి బండి అన్న పేరున్నదాన్ని కొనడు. ఇక భద్రత విషయానికి వస్తే, ఆ కారు ఎయిర్‌బ్యాగులు లేకుండానే వచ్చింది. 2014లో జరిగిన అంతర్జాతీయ ఢీ పరీక్షలో దానికి ఒక్క నక్షత్రమూ రాలేదు. పేదవాడికి బండి ఇస్తే చాలు, భద్రత తరువాత చూసుకోవచ్చన్న తర్కం దానిలోనూ ఉంది.

కనుక నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి బండి ఎంత ఎత్తు, ఎంత పొడవు అని కాకుండా పిల్లల తల, మెడ, వెన్ను గురించి అడిగాను. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష అమలులో ఉంది. ఇందులో పెద్దల రక్షణకు 32, పిల్లల రక్షణకు 49 మార్కులు విడివిడిగా ఇస్తారు. ఒకే బండికి పెద్దల విషయంలో ఉన్న మంచి పేరు పిల్లల విషయంలో ఉండాలని లేదు. అమ్మకందారు చూపించేది సాధారణంగా మొదటి అంకె. తల్లిదండ్రులు అడగవలసింది రెండవది. వెనుక సీటులో ప్రతి ఒక్కరికీ మూడు చోట్ల పట్టే బెల్టు ఉందా, పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలున్నాయా అన్నవి తరువాతి ప్రశ్నలు. బండి ఎత్తుగా ఉన్నంత మాత్రాన లోపలున్న పిల్ల భద్రంగా ఉన్నట్టు కాదు. ఎత్తయిన బండి ముందున్న పసివాడు డ్రైవరుకు కనిపించకపోవడం కూడా ఉంది. చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ మిగులును మెరిసే చక్రాల మీద పెట్టడమా, పిల్లల సీటు మీద పెట్టడమా అన్నది మన చేతిలో ఉంది.

పిల్లల సీటు ఇంటికి తెచ్చిన రోజు పెద్ద గొడవే జరిగింది. అవ్వ దాన్ని చూసి, "పోరన్ని కట్టేస్తార్రా? నా ఒడి ఏమైంది?" అన్నది. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టుకుని మమ్మల్ని అదే ఒడిలో పెంచిన తల్లి. ఆ ఒడి మాకు ఊయల, బడి, దవాఖాన. ఆమెకు నేను చదువుకున్నవాడిగా కాక కొడుకుగా చెప్పవలసి వచ్చింది. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, పన్నెండు కిలోల పిల్లవాడు రెండు వందల కిలోలకు మించిన బరువుతో ముందుకు దూసుకుపోతాడు. ఏ తల్లి చేతులూ ఆ బరువును ఆపలేవు. ఒడి ప్రేమను ఇవ్వగలదు, వేగాన్ని ఆపలేదు. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అట్లయితే నేను వాని పక్కన కూసుంట" అన్నది. ఇప్పుడు వాడి సీటు వెనుక, అవ్వ వాడి పక్కన.

చట్టం కూడా ఇదే చెబుతోంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బెల్టు గాని, తగిన పిల్లల సీటు గాని లేకుండా కారులో ప్రయాణిస్తే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఉంది. మోటారుసైకిలు మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు నడిపేవారితో కలిపి కట్టే భద్రతా పట్టీ, తలకు సరిపోయే హెల్మెటు ఉండాలని, వేగం గంటకు నలభై కిలోమీటర్లు మించరాదని 2022లో తెచ్చిన నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని పసివాడి తలకు హెల్మెటు చూసినవారు చెయ్యెత్తవచ్చు. నేను చూడలేదు. కారు కొనలేని కుటుంబం వందల రూపాయలతో మొదలుపెట్టగలిగే రక్షణ అదే.

సొంత బండి గౌరవానికీ భద్రతకూ ఒకేసారి సాధనమైన చరిత్ర ప్రపంచంలో ఉంది. అమెరికాలో నల్లజాతి కుటుంబాలు బస్సుల్లో వెనుక సీట్ల అవమానాన్ని తప్పించుకోవడానికి కార్లు కొన్నాయి. ఏ ఊళ్లో తిండి దొరుకుతుందో, ఎక్కడ రాత్రి తలదాచుకోవచ్చో చెప్పే 'గ్రీన్ బుక్'ను విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో మొదలుపెట్టాడు. 1955 డిసెంబరులో మాంట్‌గొమరీ బస్సు బహిష్కరణ మొదలయ్యాక సొంత కార్లున్నవారు వాటిని ఉద్యమానికి ఇచ్చారు. దాదాపు మూడు వందల కార్లు కూలికి పోయే స్త్రీలను రోజూ చేరవేశాయి. ఆ బండ్లకు బీమా రద్దు చేయించి ఉద్యమాన్ని దెబ్బతీయాలని చూస్తే, నాయకులు లండన్ దాకా పోయి బీమా తెచ్చుకున్నారు. 381 రోజులు నిలిచారు. గమనించవలసింది ఏమిటంటే, వాళ్లు కారు కొనుక్కుని బస్సును మరచిపోలేదు. కారు సాయంతో బస్సును గెలుచుకున్నారు.

మన దగ్గర ఈ చివరి అడుగే తప్పిపోతోంది. కారు కొన్న మధ్యతరగతి దళితుడు, బహుజనుడు బస్టాండు వైపు చూడటం మానేస్తున్నాడు. నేనూ అందుకు మినహాయింపు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న కుటుంబాలు నూటికి సుమారు ఎనిమిది. మిగిలిన తొంభై రెండు ఇళ్ల పిల్లల సంగతి? కోరుట్ల, మెట్‌పల్లిలో బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే తండ్రుల పిల్లలు బడికి పోయేది ఆటోల్లో. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనుక పలక మీద నలుగురు, బయటికి వేలాడే సంచులు. ఆ ఆటోకు ఏ నక్షత్రాల పరీక్షా లేదు.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు మీద నుంచి ఆర్టీసీ బస్సు లోయలో పడినప్పుడు అందులో సుమారు వంద మంది ఉన్నారు. అరవై మందికి పైగా చనిపోయారు. పక్క పల్లెల నుంచి జగిత్యాలకు పనుల మీద, దవాఖానకు బయలుదేరినవారు, పసిపిల్లలు. వేరే బండి ఉంటే ఆ బస్సులో కిక్కిరిసి నిలబడేవారు కారు. అంతకు ముందు ఏడాది, 2017 జూలైలో, సిరిసిల్ల పక్క నేరెళ్లలో ఇసుక లారీ ఒక గ్రామస్తుడి ప్రాణం తీసింది. కోపంతో జనం లారీలను తగలబెట్టారు. ఆ తరువాత అరెస్టయినవారిలో ఎక్కువమంది దళితులు. తమను ఠాణాలో చిత్రహింసలు పెట్టారని వారు చెప్పుకున్నారు. రోడ్డు మీద ఎవరి బండి ఎవరి మీదుగా పోతుంది, పోయాక ఎవరు జైలుకు పోతారు అన్నది కూడా కులప్రశ్నే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు తొమ్మిదిన్నర వేల మంది. ఆ నివేదికలో వయసు ఉంది, లింగం ఉంది, వాహనం ఉంది. కులం లేదు. 2024–25లో ఇంటింటికీ తిరిగి కులాలను లెక్కించిన తెలంగాణ ప్రభుత్వం ఆ లెక్కను రోడ్డు మరణాలతో కలిపి చూడగలదు. ఎవరి పిల్లలు రోడ్ల మీద చనిపోతున్నారో తెలిస్తే ఎవరికి ఏం కావాలో తెలుస్తుంది. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్టు పోయింది, అది గొప్ప మేలు. ఇక కావలసింది నిలబడకుండా పోగలిగినన్ని బస్సులు, బడి వేళకు పల్లెకు వచ్చే బస్సులు. నైజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైంది. బండివాడి దయతో పనిలేకుండా టికెట్టు కొన్న ఎవరైనా ఎక్కగల బండి అదే. దాన్ని నిలబెట్టుకోవడం కూడా కులనిర్మూలన కార్యక్రమంలో భాగమే.

చివరకు మేము కొన్నది మధ్యరకం కారు. బావకు నచ్చలేదు. ఆచార్య మిత్రుడు 'మంచిదే' అన్నాడు. అక్క కొడుకు స్టిక్కరు తెచ్చాడు. అగ్రకులం పేరును అద్దం మీద ప్రదర్శించడం, అణచివేతకు గురైనవారు 'జై భీమ్' అని రాసుకోవడం ఒకటేనని నేను అనను. మొదటిది దారి వదలమనే హెచ్చరిక, రెండవది మేమూ ఉన్నామనే పలకరింపు. అందుకే స్టిక్కరు అంటించనిచ్చాను. ఒక షరతు పెట్టాను: వెనుక కూర్చున్నవాళ్లంతా, తనతో సహా, బెల్టు పెట్టుకోవాలి. వాడు నవ్వి ఒప్పుకున్నాడు.

పండుగ నాడు బాపును ముందు సీటులో కూర్చోబెట్టి గడి ముందు నుంచి తోలుకుపోయాను. గడి పాడుబడింది, దర్వాజ మీద రావిమొక్క మొలిచింది. బాపు దానివైపు చూడలేదు. వెనక్కి తిరిగి, "పిల్లలిద్దరు కట్టుకున్నరా?" అని అడిగాడు. బండెక్కే హక్కు కోసం ఆయన తరం కొట్లాడింది. పిల్లలు బతికి దిగే హక్కు కోసం కొట్లాడవలసింది మన తరం, మన ఇంటి బండిలోనూ, ఊరికి వచ్చే బస్సులోనూ.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)